గోనెసంచుల శాఖలో నిర్బంధ స్వేచ్ఛ

హైమావతికి బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజునే ఆఫీసుకి స్వేచ్ఛ కూడా వచ్చింది. రెండూ ఒకే టపాలో రావడం ఆవిడ ఖర్మ.

ఆ ఆఫీసు పేరు జిల్లా గోనెసంచుల నియంత్రణ కార్యాలయం. జగ్గన్నదొరపేట బస్టాండు వెనక, పెచ్చులూడిన రెండంతస్తుల మేడ. గోనెసంచుల్ని ఎందుకు నియంత్రించాలి, నియంత్రించకపోతే అవి ఎక్కడికి పోతాయి అని నన్నడక్కండి. కోతల కాలంలో ఏ రైతుకి ఎన్ని సంచులివ్వాలో చెప్పడానికి ఒక శాఖ ఉండాలని ఒకప్పుడు ఎవరో పెద్దాయనకి తోచింది, పెట్టేశాడు, ఉంది. అందులో హైమావతి జూనియర్ అసిస్టెంటు. భర్త ఉదయభాస్కర్ రాయవలసలో లైన్‌మన్. అయిదేళ్ల కూతురు ధాత్రి అక్కడే నాన్నమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ పిల్ల తల్లిని చూసింది ఎక్కువగా సెల్‌ఫోనులోనే. ఒకసారి హైమావతి సెలవు మీద ఇంటికి వెళితే, పిల్ల ఆవిడ బుగ్గ మీద రెండు వేళ్లు పెట్టి, మొహం పెద్దదవుతుందేమోనని అటూ ఇటూ సాగదీసింది. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. హైమావతి కూడా నవ్వి, పెరట్లోకి వెళ్లి ఏడ్చింది.

భార్యాభర్తలు ఒకే చోట ఉండాలన్న నిబంధన పట్టుకుని తిరగ్గా తిరగ్గా, ఇన్నాళ్లకి రాయవలస వేశారు. ఇక కావలసిందల్లా రిలీవింగ్ ఆర్డరు. "ఫలానా హైమావతిని విధుల నుండి విడుదల చేయడమైనది" అని ఒక్క వాక్యం, దాని కింద డిప్యూటీ డైరెక్టరు సంతకం. నెలాఖరులోగా వెళ్లి అక్కడ చేరకపోతే బదిలీ రద్దు.

"దానిదేముందమ్మా, అరగంటలో కొట్టించి ఇచ్చేస్తాను. ముందు స్వీట్లు తెప్పించు" అన్నాడు సూపరింటెండెంటు జోగారావు.

స్వీట్లు వచ్చాయి. తిన్నారు. చేతులు కడుక్కుని వచ్చేసరికి టపాలోని రెండో కవరు విప్పారు, కొంప మునిగింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా," అని మొదలైంది ఆ సర్క్యులర్. ఇకమీదట కొనుక్కునే ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాడరాదు. ఊరికే దొరికేవి, ఎవరైనా విప్పి చూసుకోగలిగేవి, మార్చుకోగలిగేవి మాత్రమే వాడవలెను. ఇందులో తప్పేమీ లేదు, నిజానికి చాలా మంచి మాట. కంప్యూటరు లేవగానే అందరికంటే ముందు లేచి మిగతా వాళ్ల చేత పనిచేయించే మేస్త్రీ లాంటిది ఆపరేటింగ్ సిస్టమ్. మంచి మేస్త్రీ కూలి పుచ్చుకోకుండా వస్తానంటే ఎవరు కాదంటారు? అక్కడితో ఆపితే ఎంత బాగుండేది! కానీ సర్కారుకి ఆపడం ఎప్పుడు చేతనయింది గనక. రెండో పేజీలో ఇలా ఉంది: "స్వేచ్ఛ యనగా ఎంపిక. కావున ప్రతి ఉద్యోగియు తన ఆపరేటింగ్ సిస్టమ్‌ను తానే స్వేచ్ఛగా ఎంపిక చేసుకొనుట నిర్బంధము. ఎంపిక చేసుకోని వారిపై క్రమశిక్షణా చర్య గైకొనబడును."

పాత కంప్యూటర్లలో ఉన్నవన్నీ ఆ మధ్యాహ్నమే తుడిచిపారేశారు. వాటిలో జోగారావు సగం కొట్టిన రిలీవింగ్ ఆర్డరు కూడా పోయింది.

మర్నాడు రాజధాని నుంచి స్వేచ్ఛా ఎంపిక సలహాదారు ప్రద్యుమ్న దిగాడు. పాతికేళ్ల కుర్రాడు, గడ్డం, చొక్కా మీద తాబేలు బొమ్మ. మీటింగు హాల్లో తెర మీద ఆపరేటింగ్ సిస్టమ్‌ల జాబితా వేసి, అందరి వంకా కళ్లనిండా ప్రేమతో చూశాడు.

"నిన్నటిదాకా మీరు బానిసలు. ఈరోజు నుంచి మీ ఇష్టం!"

జాబితా పైకి జరగడం మొదలుపెట్టింది. పనసకాయ. తాబేలు. తాబేలు తేలిక రకం. తాబేలు పిల్లల కోసం. తాబేలు నచ్చనివాళ్ల కోసం తాబేలు. గండభేరుండం. నిప్పుకోడి. నిప్పుకోడి నుంచి అలిగి వెళ్లిపోయిన వాళ్లు పెట్టుకున్న కొత్త నిప్పుకోడి. క్యారేజీలు విప్పుకుని భోజనాలు చేసి, సర్దుకుని, వచ్చి కూర్చున్నా జాబితా ఇంకా జరుగుతూనే ఉంది.

హైమావతి చెయ్యెత్తింది. "సార్, ఇందులో ఒక ఉత్తరం టైపు చేసి ప్రింటు తీసుకోడానికి ఏది బాగుంటుందండీ?"

ప్రద్యుమ్న ఆవిడ వంక జాలిగా చూశాడు. "మేడమ్, ఏది బాగుంటుందని ఇంకొకరిని అడగడమే బానిసత్వం. ఒక్కొక్కటీ మీరే పెట్టుకుని, పాడుచేసుకుని, మళ్లీ పెట్టుకుని తెలుసుకోవాలి. ఆ ఆనందం నేనెలా లాక్కుంటాను?"

"ఆనందం కాదండీ, నాకు నెలాఖరు..."

"నెలాఖరు అనేది వాడేవాళ్ల భాష మేడమ్."

"మేం వాడేవాళ్లమే కదా సార్?"

"అదే మార్చాలి" అన్నాడు ప్రద్యుమ్న.

హైమావతి సీటుకి వెళ్లి, జాబితాలో మొట్టమొదట కనిపించిన పనసకాయ పెట్టుకుంది. పాపం శుభ్రంగా పనిచేసింది. తన రిలీవింగ్ ఆర్డరు తానే టైపు చేసుకుని, ప్రింటు తీసి, ఆ కాగితం ఆరకముందే డిప్యూటీ డైరెక్టరు గదిలోకి పరుగెత్తింది.

డిప్యూటీ డైరెక్టరు మృత్యుంజయరావుగారు అప్పటికే తన హోదాకి తగ్గది ఎంచుకున్నారు. బొమ్మలు, బొత్తాలు ఉన్నవన్నీ గుమాస్తాలకి. ఆయన తీసుకున్నది అన్నిటికంటే కష్టమైనది. అందులో నల్లటి తెర తప్ప ఏమీ ఉండదు. ఓ మూల చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, అంతే. దానికి ఏం చెప్తే ఏం చేస్తుందో ఆయనకి తెలియదు. తెలియదని చెప్పే అలవాటు ఆయనకి సర్వీసులో ఎన్నడూ లేదు. అందుచేత రోజూ పదిన్నరకి వచ్చి, గంభీరంగా ఆ గీత వంక చూస్తూ సాయంత్రం దాకా కూర్చునేవారు.

"ఇది ఎంపిక కాదు" అన్నారు కాగితం చూసి, అది పనసకాయలో కొట్టిందని తెలిశాక. "జాబితాయందు మొదటిదానిని తీసుకొనుట ఎంపిక అనబడదు. అది సోమరితనము. ఎంపిక చేయని ఉద్యోగి టైపు చేసిన కాగితముపై మేము సంతకము చేసిన, రేపు ఆడిట్ వారికి సమాధానమెవరు చెప్పవలెను?"

"సార్, జోగారావుగారు టైపు చేస్తే?"

"నిరభ్యంతరముగా."

జోగారావు గండభేరుండం పెట్టుకున్నాడు. దాని గుర్తు రంగూ ఆయన ఉంగరంలోని రాయి రంగూ ఒకటేనట, జ్యోతిష్కుడు మరీ మరీ చెప్పాడట. అందులో ఆర్డరు కొట్టి డిప్యూటీ డైరెక్టరుగారికి పంపితే, ఆ నల్లటి తెర మీద అక్షరాలకి బదులు వరసగా చిన్న చిన్న చతురస్రాలు వచ్చాయి. మృత్యుంజయరావుగారు వాటిని చాలాసేపు చూశారు. చదవలేకపోతున్నానంటే పరువేం కాను?

"డ్రాఫ్టు బాగున్నది. మరింత లోతుగా పరిశీలించవలసి యున్నది" అని తిప్పి పంపారు.

జోగారావు మళ్లీ కొట్టాడు. మళ్లీ చతురస్రాలు. మళ్లీ లోతుగా పరిశీలన. పోనీ ఆ గండభేరుండం నుంచే ప్రింటు తీసి కాగితం ఇద్దామంటే, ప్రింటు బొత్తం ఎక్కడుందో కనపడలేదు. పక్క సీటు సీనియర్ అసిస్టెంటు బంగార్రాజుది కూడా గండభేరుండమే. ఇద్దరూ కలిసి వెతికారు. దొరికింది. తీరా దొరికాక, అది ఎడమపక్క ఉండాలని జోగారావు, కుడిపక్క ఉండాలని బంగార్రాజు వాదన వేసుకున్నారు. గొంతులు లేచాయి. పాత ప్రమోషన్ తగాదా బయటికొచ్చింది. ప్రింటు సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

"ఓరి దేవుడో, ముందు ఆ బొత్తం నొక్కండి సార్!" అంది హైమావతి. ఎవరూ వినలేదు.

ప్రద్యుమ్న మాత్రం పరమానందంతో పరుగెత్తుకొచ్చాడు. "పోట్లాడుకోకండి, చీలిపోండి! మా లోకంలో అందమంతా అదే. ఎవరికి ఏది నచ్చకపోయినా, మొత్తం ఒక ప్రతి తీసేసుకుని, వేరుపడి, సొంతంగా నడుపుకుంటారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు."

మనవాళ్లకి చీలిపోవడం ఒకరు నేర్పాలా? సంఘాలు, యూనియన్లు, పార్టీలు, వినాయకచవితి పందిళ్లు, ఏది చీల్చకుండా వదిలారు గనక. కానీ ప్రభుత్వం పిలిచి మరీ చీలమనడం ఇదే మొదలు. సాయంత్రానికి గండభేరుండం (ఎడమ), గండభేరుండం (కుడి) తయారయ్యాయి. ఆ మర్నాడు బంగార్రాజు డిప్యూటీ డైరెక్టరు గదికి వెళ్లి, జోగారావు కింద తను పనిచేయనని చెప్పేశాడు.

మృత్యుంజయరావుగారికి ఉద్యోగుల తగవులు తీర్చడమంటే తలనొప్పి. ఆయన ఆలోచించి ఒక ఉత్తర్వు వేశారు. "సలహాదారువారు వివరించిన చీలిక సూత్రమును కార్యాలయమునకు సైతము వర్తింపజేయడమైనది. ఏ ఉద్యోగికి ఏ అభ్యంతరమున్నను, ఫిర్యాదు చేయక, కార్యాలయము యొక్క ఒక ప్రతిని తీసుకొని వేరుపడవచ్చును."

అంతే, మేడ అదిరిపోయింది. బంగార్రాజు పై అంతస్తులో జిల్లా గోనెసంచుల నియంత్రణ కార్యాలయం (కుడి) పెట్టాడు. జోగారావు వరండాలో (ఎడమ) పెట్టాడు. ఫ్యాను వేగం దగ్గర తేడా వచ్చి టైపిస్టు రికార్డు రూములో (స్థిరం) పెట్టింది. కిటికీ తెరవాలన్నవాళ్లు (ప్రయోగాత్మకం) పెట్టారు. ఒక్కొక్క గదికి ఒక బోర్డు, ఒక ముద్ర, ఒక డిప్యూటీ డైరెక్టరు. చాలా ఆఫీసుల్లో డిప్యూటీ డైరెక్టరు ఒక్కరే సిబ్బంది. బోర్డులు రాసే ఆయన ఆఫీసు గుమ్మంలోనే కాపురం పెట్టాడు.

అటెండరు అప్పలనరసమ్మ మెట్ల కింద స్టూలు వేసుకుని కూర్చుంది.

"నువ్వు కూడానా?" అంది హైమావతి.

"ఏటి సెయ్యమంతావమ్మా? అల్లం ఎయ్యొద్దంతారొకరు, ఎయ్యమంతారొకరు. నా వల్ల కాదు, నానూ ఓ ఆపీసెట్టీసినాను. నువ్వు రా, నీకు టీ ఇత్తాను."

ధాన్యం కళ్లాల్లో పెట్టుకుని సంచుల కోసం ఒక రైతు వచ్చాడు. గుమ్మంలోనే అతణ్ని పట్టుకుని, ఏ కార్యాలయం కావాలో స్వేచ్ఛగా ఎంచుకోమన్నారు. అతను బోర్డులన్నీ కూడబలుక్కుని చదివాడు. "బాబూ, సంచులు ఎందులో ఉన్నాయి?" అనడిగాడు. సంచులు మాత్రం చీలలేదని, అవి గోడౌన్లో ఉన్నాయని, తాళం ఏ ఆఫీసుదో తేలలేదని చెప్పారు. అతను కండువా దులుపుకుని, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తిట్లు నేను రాయను గానీ, ఒక్కటి కూడా అన్యాయమైనది కాదు.

ఈ గోలలో ఒక మంచి జరిగింది. అందరూ వేరుపడేసరికి మృత్యుంజయరావుగారి దగ్గర హైమావతి ఒక్కతే మిగిలింది. ఆయనకి కాలక్షేపానికి వేరే ఫైలే లేక, ఆవిడ పనసకాయలో తీసిన పాత కాగితం మీదే సంతకం చేసిపారేశారు. హైమావతికి ప్రాణం లేచొచ్చింది. అక్కడే మొగుడికి ఫోను చేసింది. "ఏవండీ, సంతకమైపోయింది! దానికి చెప్పండి, అమ్మ వచ్చేస్తోందని."

వరండాలో జోగారావు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మా?"

"రిలీవ్ చేశారు సార్, వెళ్లొస్తాను."

"ఆయన రిలీవ్ చేసింది ఆయన హైమావతిని. నేను ఆఫీసు ప్రతి తీసుకున్నప్పుడు సిబ్బంది మొత్తం నా ప్రతిలోకి కూడా వచ్చారు. అందులో ఓ హైమావతి ఉంది. ఆవిణ్ని నేను వదలను. నాకున్న స్టాఫే ఆవిడొక్కతె!"

"సార్, నేనొక్కదాన్నే కదండీ!"

"చూడ్డానికి అలాగే ఉంటుందమ్మా" అన్నాడు జోగారావు, నిజంగానే నొచ్చుకుంటూ.

ప్రతి ఆఫీసులోనూ ఒక హైమావతి ఉంది. ప్రతి డిప్యూటీ డైరెక్టరూ తన హైమావతిని తను రిలీవ్ చేయాలి. ఇక ఆవిడ కాళ్లకి చక్రాలు కట్టుకుని తిరిగింది. జోగారావుని బతిమాలి సంతకం పెట్టించుకుంది. బంగార్రాజుకి, బొత్తం కుడిపక్కే ఉండాలని తన పిల్ల మీద ఒట్టేసి చెప్పింది. టైపిస్టు గదిలో కూర్చుని ఫ్యాను వేగం సరిగ్గా ఉందని మెచ్చుకుంది. తీరా పై అంతస్తులో ఒక సంతకం తీసుకుని దిగేసరికి కింద ఇంకెవరో అలిగి వేరుపడేవారు. అందులో ఇంకో హైమావతి పుట్టేది. మెట్లెక్కి దిగి ఆవిడ తలప్రాణం తోకకొచ్చింది. అప్పలనరసమ్మ మటుకు ఏ గొడవా పెట్టకుండా వేలిముద్ర వేసేసి, "పోమ్మా, బేగి పో" అంది.

నెలాఖరుకి ఒక్క రోజే మిగిలింది. మధ్యాహ్నం రాయవలస నుంచి ఫోను. ధాత్రి.

"అమ్మా, నువ్వు బస్సెక్కావా?"

"ఎక్కేస్తున్నానమ్మా."

"నిన్న కూడా అలాగే అన్నావు" అంది పిల్ల. కోపంగా కూడా అనలేదు. ఊరికే అంది.

హైమావతి ఫోను పెట్టేసింది. చేతిలో ఉన్న రిలీవింగ్ ఆర్డర్ల కట్ట తీసుకుని తిన్నగా మృత్యుంజయరావుగారి గదిలోకి వెళ్లింది. ప్రద్యుమ్న కూడా అక్కడే ఉన్నాడు. ఆ కట్ట తీసి వాళ్లిద్దరి మధ్యా దబ్బుమని పడేసింది. ఆఫీసులో చేరిన నాటి నుంచి ఎవరి మీదా గొంతెత్తని మనిషి.

"నాకు నచ్చలేదు!" అంది.

"ఏది నచ్చలేదమ్మా?" అన్నారు డిప్యూటీ డైరెక్టరు.

"నేనే నాకు నచ్చలేదు. ఇన్నాళ్లూ అందరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడ్డ ఈ హైమావతి నాకు బొత్తిగా నచ్చలేదు. అందుకని నా ప్రతి ఒకటి తీసుకుని వేరుపడుతున్నాను. మీ హైమావతులందరినీ మీరే ఉంచుకోండి, ఊరేగించుకోండి, నాకనవసరం. నేను చీలిక హైమావతిని. ఎవరి అనుమతీ అక్కర్లేదన్నారు కదా? నా బస్సు మూడింటికి."

ప్రద్యుమ్న కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"సార్, ఈ జిల్లాలో స్వేచ్ఛ అంటే ఏమిటో అర్థమైంది ఈ ఒక్క మనిషికే" అన్నాడు.

మృత్యుంజయరావుగారు కలం తీశారు. ఎంత తలకిందుల విషయమైనా నిబంధనల భాషలో పెడితే ఆయనకి ఇట్టే జీర్ణమవుతుంది. "మూల హైమావతి యథాస్థానమునందు కొనసాగును. చీలిక హైమావతి రాయవలస యందు విధులలో చేరును" అని రాసి సంతకం చేశారు. సిరా ఆరేదాకా హైమావతి ఆగలేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని బస్టాండు వైపు పరుగెత్తింది.

రాయవలస ఆఫీసుకి స్వేచ్ఛ ఇంకా రాలేదు. దయగల ఊరు. హైమావతి ఉదయం పిల్లకి జడ వేసి, బడిలో దింపి, ఆఫీసుకి వెళ్లి, సాయంత్రం ఇంటికొచ్చేది. అందరికీ ఉండే బతుకే. ఆవిడకి మాత్రం రోజూ పండగలాగే ఉండేది. పైనుంచి ఒక కాగితం రావడంతో ఆ పండగ కాస్తా చప్పబడిపోయింది. చీలిక ఉద్యోగుల నియామకాలు తాత్కాలికమని, సదరు ఉద్యోగి యొక్క మూల ప్రతి పనిచేయుచున్న కార్యాలయాధిపతి పక్షం రోజుల్లో అభ్యంతరం చెప్పినచో వెనక్కి వెళ్లిపోవలెనని అందులో ఉంది.

ఆ సాయంత్రమే జోగారావు ఫోను చేశాడు.

"అమ్మా, శుభవార్త. మన ఆఫీసులన్నీ మళ్లీ ఏకమైపోయాయి."

"సంతోషం సార్. మృత్యుంజయరావుగారే కదా ఆఫీసరు?"

"ఆయన కింద బంగార్రాజు ఉండడు. బంగార్రాజు కింద నేనుండను. నా కింద టైపిస్టు ఉండదు. నానా రభసా అయింది. చివరికి ఏ తగువులోనూ లేనివాళ్లెవరా అని చూస్తే, నువ్వు కనిపించావు. ఒక్కరితో మాట తేడా లేదు, ఒక్క ఫిర్యాదు లేదు, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ గురించీ అభిప్రాయం లేదు. పైగా ప్రతి ఆఫీసులోనూ నువ్వున్నావు. అందుకని మూల హైమావతిని ఇన్‌ఛార్జి డిప్యూటీ డైరెక్టరుగా పెట్టుకున్నాం. ఖాళీ కుర్చీయే అనుకో. కానీ ఆఫీసు ఎంత బాగా నడుస్తోందో! ఎవరినీ అడగాల్సిన పని లేక అందరూ ఏదో ఒకే సిస్టమ్ పెట్టుకుని పని చేసుకుంటున్నారు. గోడౌను తాళం కూడా తీశాం. రైతులు సంచులు పట్టుకెళ్తున్నారమ్మా!"

అభ్యంతరం చెప్పవలసిన ఆఫీసరు ఇప్పుడు తనేనని హైమావతికి వెలిగింది. "మరి నా ఫైలు?"

"అందుకే ఫోను చేశాను. నీ అభ్యంతరాల ఫైలు మేడమ్ గారి బల్ల మీద, అంటే నీ బల్ల మీదే ఉంది. నువ్వొక్కసారి వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని, అభ్యంతరం లేదని సంతకం చేసి పోతే సరి."

ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుంటే, కూర్చున్నది ఏ హైమావతో తేల్చడానికి ఇంకో కమిటీ పడుతుందని ఆవిడకి తెలుసు. లేచి రావడం ఈ జన్మలో అయ్యే పని కాదు. "నేను రాను సార్" అని ఫోను పెట్టేసింది. మొగుడు ఏమైందంటే చెప్పలేదు. ఆ పక్షం రోజులూ గడప దగ్గర చెప్పుల చప్పుడైతే చాలు, పోస్టుమేన్ అనుకుని పిల్లని దగ్గరికి లాక్కునేది.

గడువు అయిపోయింది. బల్ల మీది ఫైలు బల్ల మీదే ఉంది. మేడమ్ గారు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. మర్నాడు వచ్చిన కాగితం హైమావతి నిలబడే చదివింది. "అభ్యంతరము అందనందున, శ్రీమతి హైమావతి గారి నియామకమును శాశ్వతము చేయడమైనది. సదరు ఫైలును సకాలమున పరిష్కరించిన ఇన్‌ఛార్జి డిప్యూటీ డైరెక్టరు శ్రీమతి హైమావతి గారికి ప్రశంసలు."

చదివి అరుగు మీద కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ ఉంటే ధాత్రి వచ్చి ఒళ్లో ఎక్కింది. కొత్తగా చదవడం వచ్చిన పిల్ల, కాగితం మీద అక్షరాల కింద వేలు పెట్టింది.

"హై... మా... వ... తి. నీ పేరే! మళ్లీ ఇక్కడ ఇంకో హైమావతి ఉంది. ఈవిడెవరమ్మా?"

"ఆవిడ పెద్ద ఆఫీసరమ్మా. చాలా మంచిది. ఎవరి పనీ ఆపదు."

"నువ్వో?"

హైమావతి కాగితం మడిచి పక్కన పెట్టింది.

"నేను మీ అమ్మని" అంది.